హలీమా టీచర్ తెరిపించిన తలుపు

మొన్న వేసవిలో మంచిర్యాల నుంచి ఆదిలాబాద్ వైపు పోతుంటే దారిలో వాన పట్టుకుంది. కారు ఆపి రోడ్డు పక్కన రేకుల షెడ్డు కింద నిలబడ్డాం. ఎదురుగా తునికాకు కల్లం. ఎండబెట్టిన ఆకుకట్టల మీద పట్టాలు కప్పడానికి మనుషులు ఉరుకుతున్నారు. వాళ్ళు కప్పేలోగానే కొన్ని వరుసలు తడిసిపోయాయి. తడిసిన తునికాకుకు ఒక వాసన ఉంటుంది. పచ్చి ఆకు వాసన కాదు, ఎండు గడ్డి వాసన కూడా కాదు. కొంచెం చేదుగా, కొంచెం మట్టిగా ఉంటుంది. బీడీలు చుట్టే ఇళ్ళలో పెరిగినవాళ్ళకు అది అన్నం వాసన కన్నా ముందు తెలిసే వాసన. నాకు మాత్రం దానితో గుర్తుకు వచ్చేది మా ఇల్లు కాదు. చొప్పదండిలో హలీమా టీచర్ ఇంటి అరుగు, ఆ అరుగు ముందు నర్సవ్వ నిలబడిపోయిన సాయంత్రం.

అది ఆదివారం. అరుగు మీద ఆడవాళ్ళంతా ఒళ్ళో చాటలు పెట్టుకుని నానబెట్టిన బీడీ ఆకు కత్తిరిస్తున్నారు. హలీమా టీచర్ గోడకు ఆనుకుని, మా పత్రిక ఆదివారం సంచిక విప్పి పట్టుకుంది. నేను గడప పక్కన కూర్చున్నాను. నర్సవ్వ వచ్చింది గానీ మెట్టు ఎక్కలేదు. ఆమె చేతుల్లో చాట లేదు, కత్తెర లేదు.

"టీచరమ్మా, బాలమణి తలుపు తీసిందా, తియ్యలేదా?" అని అడిగింది.

కత్తెరలు ఆగిపోయాయి. ప్రశ్నకు కాదు, పిలుపుకు. ఊరంతా హలీమా టీచర్‌ను టీచరమ్మా అనే పిలుస్తుంది. ఒక్క నర్సవ్వ అట్లా పిలవదు. పాకే వయసు నుంచి ఇద్దరూ జంట. "ఏందే హలీమా" అని తప్ప ఆమె నోట ఇంకో మాట మేమెవరం వినలేదు.

"కూసో నర్సీ," అంది టీచర్.

"కూసునేతందుకు రాలే. అడిగినదానికి చెప్పు."

"నేను చదివిన కాడ తీసింది."

"పేపర్ల?"

టీచర్ కళ్ళద్దాలు తీసి పేపర్ మీద పెట్టింది.

"పేపర్ల తియ్యలే. నాకు ఎరుకైంది. పోయిన ఆయితారం సదివింది మల్ల సదువు. ఉన్నది ఉన్నట్టు సదువు. గప్పటిదాంక నేను ఈ మెట్టెక్క," అంది నర్సవ్వ.

బాలమణి అనే మనిషి ఎక్కడా లేదు. మా సంచికలో వారం వారం వస్తున్న ఒక చారిత్రక నవలలో ఆమె ఒక పాత్ర. లేని మనిషి తీయని తలుపు దగ్గర అరవై ఏళ్ళు దాటిన స్నేహం ఆగిపోయి నిలబడింది. అది ఎట్లా జరిగిందో చెప్పాలంటే ముందు హలీమా టీచర్ ఎవరో చెప్పాలి.

ఆమె నాకు ఎనిమిదో తరగతిలో తెలుగు చెప్పింది. సన్నగా, పొడుగ్గా ఉండేది. చీర కొంగు తల మీంచి ఎప్పుడూ జారేది కాదు. ముస్లింల ఇంటి ఆడమనిషి తెలుగు పండితురాలు ఎట్లా అయిందని కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టర్లు ఆశ్చర్యపోతే, "ఇంట్ల ఉర్దూ మా అమ్మీ ఇచ్చింది సార్, తెలుగు మా వాడకట్టు ఇచ్చింది. రెండూ ఉత్తగనే వచ్చినయి," అనేది. కొట్టేది కాదు. కానీ ఆమె ప్రశ్న అడుగుతుందంటే మాకు చెమట పట్టేది. ఒకసారి తరగతి గదిలో మంచినీళ్ళ కుండ పగిలింది. ఎవరు పగలగొట్టారని అడిగితే నేను లేచి ఒక పిల్ల పేరు చెప్పాను.

"నువ్వు చూసినవా?"

"లేదు టీచర్. అందరూ అంటున్నరు."

"అందరూ అంటే ఎవరు? అందరికీ ఒక పేరు, ఒక మొఖం ఉంటదా బిడ్డా? ఎవరు చెప్పిండ్రో ముందు చెప్పు. ఏం చెప్పిండ్రో తర్వాత చెప్పు."

కుండ ఎవరు పగలగొట్టారో చివరికి తేలలేదు. కానీ ఆ మాట నాతో ఉండిపోయింది. తర్వాత ఎన్నో ఏళ్ళకు కరీంనగర్‌లో పత్రికా శిక్షణకు చేరినప్పుడు, వార్తకు ఆధారం చూపించడం గురించి ఒక పెద్దాయన పూటంతా పాఠం చెప్పాడు. నాకు కొత్త సంగతి ఒక్కటీ దొరకలేదు.

చదివించడంలోనూ ఆమెకు ఒక పట్టుదల ఉండేది. ఒక పాఠంలో లేగదూడ చచ్చిపోయే వాక్యం ఒకటి వస్తుంది. నా పక్క పిల్ల దాన్ని వదిలేసి కింది వాక్యానికి దూకింది. టీచర్ ఆపింది. ఏడుపొస్తుందని ఆ పిల్ల గునిసింది. "ఏడ్సుకుంటనే చదువు. రాసినోళ్ళు రాసింది చదవాలె. మనకు నచ్చలేదని కామా గూడ మింగొద్దు," అంది. ఆ పిల్ల ఏడుస్తూనే చదివింది. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, వాక్యం మార్చడమన్నది ఆ మనిషికి ఎంత దూరపు పనో చదివేవాళ్ళకు తెలియాలి.

రిటైరయ్యాక ఆమె తన ఇంట్లోనే ఉండిపోయింది. ఆ వాడకట్టులో సగం మంది ఆడవాళ్ళది బీడీల పని. మా వైపు బీడీలు చేసే ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. నలుగురు చేరిన చోట చదువు వచ్చిన ఒకామె కథో వార్తో పైకి చదువుతుంది. చదివినంత సేపు ఆమె చేతులు ఆగిపోతాయి కాబట్టి, ఆమె చేయాల్సిన బీడీలను మిగతా వాళ్ళు తలా కొన్ని చుట్టి ఆమె చాటలో వేస్తారు. హలీమా టీచర్‌కు బీడీల పని లేదు. అందుకని ఆమె తన వంతును వేరే రకంగా అడిగింది. "నేను ఉత్తగ చదవ. విన్నోళ్ళు విన్నదాని మీద తలా ఒక మాట చెప్పాలె. మంచిగున్నది అంటే చెల్లది. ఎందుకు మంచిగున్నదో చెప్పాలె," అంది. మొదట్లో సిగ్గుపడ్డారు. తర్వాత ఆ మాటల కోసమే కథ త్వరగా అయిపోవాలని తొందరపెట్టేంత దూరం వచ్చింది. నర్సవ్వ మాట ఎప్పుడూ చివర వచ్చేది. ఆమెకు అక్షరం రాదు. కానీ కథలో ఎక్కడ అబద్ధం ఉందో ఆమెకు ముక్కుతో తెలిసేది. "గా దొర బిడ్డ నీళ్ళు మోసుకచ్చింది అన్నడు గని, సంకల బిందె వెట్టినంక గంత సేపు ముచ్చట వెడ్తదానే? రాసినాయన ఎన్నడన్న బిందె ఎత్తిండా?" అని ఒక కథను ఒక్క మాటతో పక్కకు పెట్టించింది.

అప్పటికి నేను కరీంనగర్ డెస్క్‌లో ఆదివారం సంచిక చూస్తున్నాను. సుమారు పదేళ్ళ కిందటి మాట. ఆ ఏడు మేము ఒక నవలను సీరియల్‌గా మొదలుపెట్టాం. హైదరాబాద్ రాజ్యం భారత్‌లో కలవడానికి ముందూ వెనకా గడిచిన నెలలు దాని కాలం. ఒకే గోడకు అటూ ఇటూ ఉండే ఇద్దరు ఆడవాళ్ళు, బాలమణి, జుబేదా. రజాకార్లు ఊరి మీద పడ్డ రోజు జుబేదా తన ఇంటి గుమ్మిలో, జొన్నల మధ్య బాలమణిని దాచిపెడుతుంది. తర్వాత సైన్యం వస్తుంది, కాలం తిరగబడుతుంది, పగలు తీర్చుకునే మూకలు ఊళ్ళ మీద తిరుగుతాయి. ఈసారి పసిబిడ్డను ఎత్తుకుని బాలమణి తలుపు కొట్టేది జుబేదా.

పాఠకుల స్పందన పేజీ నా బాధ్యత. వారంలో ఒక మధ్యాహ్నం ఫోన్లు తీసుకునేదాన్ని. మొదట్లో ఫోన్ చేసినవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ. హుజూరాబాద్ నుంచి ఒక పెద్దమనిషి ప్రతివారం చేసేవాడు. "ఇద్దరు ఆడోళ్ళు గోడ మీంచి కూర గిన్నెలు ఇచ్చి పుచ్చుకునుడు చరిత్రా మేడం? కొట్లాట ఏది? తుపాకులు ఏవి?" అని ఆయన బాధ. నేను ఈ సంగతి హలీమా టీచర్‌కు చెబితే, "కొట్లాడినోళ్ళది చరిత్ర, దాసిపెట్టినోళ్ళది ముచ్చట. అంతే కదా ఆయన లెక్క," అని నవ్వింది. గుమ్మి వారం తర్వాత ఆ పెద్దమనిషి మళ్ళీ ఫోన్ చేశాడు. చరిత్ర ఊసెత్తలేదు. గుమ్మిలో మనిషి పడుతుందా లేదా అని తన ఇంట్లో పాత గుమ్మి దించి చూశానని, ఆడమనిషైతే మోకాళ్ళు ముడుచుకుని పడుతుందని చెప్పాడు. ఎవరిని కూర్చోబెట్టి చూశాడో నేను అడగలేదు.

ఆడవాళ్ళ ఫోన్లు వేరే రకంగా ఉండేవి. వాళ్ళు నవల గురించి మాట్లాడేవాళ్ళు కాదు. పక్కింటి ఇద్దరి గురించి అడిగినట్టు అడిగేవాళ్ళు. జుబేదాకు పాలు పడుతున్నాయా? బాలమణి అత్త ఇంకా సణుగుతూనే ఉందా? ఇద్దరికీ మాటలు సరిగ్గానే ఉన్నాయా? తలుపు ఘట్టానికి ముందు వారం, జుబేదా చీకట్లో బాలమణి ఇంటి వైపు నడవడం మొదలుపెట్టిన చోట భాగం ఆగింది. ఆ వారం ఫోన్ కింద పెట్టే తీరిక దొరకలేదు. గల్ఫ్‌లో పనిచేసే ఒకాయన, సంచికను ఫోన్‌లో చదివేవాడట, "మా రూమ్‌ల పొద్దుగాల బస్సెక్కేదాంక గిదే లొల్లి. రాసినామెకు చెప్పుండ్రి మేడం, తలుపు తీపియ్యమని. ఆమె చేతులనే ఉంది గదా," అని బతిమాలాడు. మంచిర్యాల నుంచి ఒకామె చేసింది. బట్టల దుకాణం వాళ్ళ కోడలట. పేరు అడిగితే చెప్పలేదు. "తియ్యది మేడం. నాకు ముందే తెలుసు," అని పెట్టేసింది. రచయిత్రికి ఈ మాటలన్నీ చేరవేశాను. ఆమె అన్నీ విని, రాసి ఇచ్చింది మార్చనంది.

నవలలో బాలమణి తలుపు తీయలేదు.

ఆ భాగం వచ్చిన ఆదివారం తర్వాత రెండు రోజులకు, అరుగు మీది మాటలు రాసుకుందామని చొప్పదండి పోయాను. ఆ అరుగు మాటలు మా పేజీలో అప్పటికే బాగా పేరుపడ్డాయి. నేను కూర్చోగానే పోశవ్వ మొదలుపెట్టింది. పోశవ్వది పెద్ద గొంతు, పెద్ద చేతులు, అందరికన్నా ముందు ఏడ్చేది ఆమే.

"ఆడదంటే బాలమణి బిడ్డా! అత్త వద్దన్నా గుంజుకపోయి గడియ దీసింది సూడు. కొంగు కప్పి లోపటికి తీస్కపోయింది. నాకైతే ఏడ్పాగలే."

నా పెన్ను ఆగింది. ఈమె పొరబడిందేమో అనుకున్నాను. ఇంకొకామె అదే చెప్పింది, మరొకామె దానికి వంత పాడింది. బాలమణి తలుపు తీసిన తీరు ఒక్కొక్కరూ కళ్ళకు కట్టినట్టు చెప్పారు. నేను హలీమా టీచర్ వైపు చూశాను. ఆమె ముఖంలో ఏమీ లేదు. గోడ మీద ఎండ తగ్గుతున్నది చూస్తున్నట్టు కూర్చుంది. చివరికి నర్సవ్వ వంతు వచ్చింది. బీడీకి దారం చుట్టి, తెంపి, చాటలో వేసి, "తీసే మనుషులు గూడ ఉంటరన్నట్టు," అంది. అంతే. ఆ మాట అప్పుడు నాకు మామూలుగానే వినిపించింది.

టీ పెట్టడానికి టీచర్ లోపలికి పోతే వెనకే పోయాను.

"టీచర్, పేపర్ల అట్ల లేదు."

"నాకు చదువు రాదా బిడ్డా?"

"మరి?"

ఆమె స్టవ్ ముట్టించింది. "చదువుకుంట ఆడిదాంక వచ్చిన. నోరు గట్ల పలికింది."

"వచ్చే వారం ఎట్ల చదువుతరు? వచ్చే వారమంతా బాలమణి జుబేదా కోసం దేవులాడుడే. తలుపు తీసి ఉంటే దేవులాట ఎందుకు?"

"వచ్చే వారం వచ్చే వారమే వస్తది కదా. రానీ." గిన్నెలో చక్కెర వేస్తూ, "వాళ్ళ మాటలు వేస్తవా?" అని అడిగింది.

"ఎట్ల వేస్త టీచర్? చదివినోళ్ళు నవ్వుతరు."

"అయితే వెయ్యకు. వాళ్ళు విన్నదానికి వాళ్ళు చెప్పిండ్రు. తప్పు వాళ్ళది గాదు."

ఆ వారం అరుగు మాటలు లేకుండానే పేజీ వెళ్ళింది. ఎందుకు మార్చారని నేను మళ్ళీ అడగలేదు. ఆమె దగ్గర చదువుకున్న పిల్లలెవరూ ఆమెను రెండోసారి అడగరు.

సంగతి హుజూరాబాద్‌లో బయటపడింది. ఆ వారం మధ్యలో నర్సవ్వ బిడ్డ ఇంట్లో చిన్నపిల్లకు చెవులు కుట్టించే ఫంక్షన్ ఉంటే పోయింది. అక్కడా ఆడవాళ్ళు బీడీలు చుడతారు, అక్కడా ఆ సీరియల్ వింటారు. వంట దగ్గర కూర్చున్న వాళ్ళు బాలమణిని తిడుతున్నారు. నర్సవ్వకు కోపం వచ్చింది. తలుపు తీసిన మనిషిని ఎందుకు తిడుతున్నారని నిలదీసింది. తీయలేదని వాళ్ళు. తీసిందని ఈమె. "మా కాడ టీచరమ్మ సదువుతది. పెద్ద సదువులు సదివినామె. మీకు సదివినోళ్ళెవలు?" అని ఒక ఆట ఆడుకుంది. వాళ్ళు పట్టు విడవకపోతే, "మీ ఊరి పేపర్ల తప్పు వడ్డదేమో. మా ఊరి పేపర్ల తీసింది," అందట. జిల్లాలో ఒకో ఊరికి ఒకో వార్తల పేజీ ఉంటుందని ఆమెకు తెలుసు కాబట్టి, కథ కూడా అట్లాగే మారుతుందనుకుంది. చివరికి కాలేజీ చదివే పిల్ల ఒకతి పేపర్ తెచ్చి చదివి వినిపించింది. ఒకసారి కాదు, నర్సవ్వ మళ్ళీ చదవమంటే మళ్ళీ చదివింది. విన్నవాళ్ళలో కొందరు నవ్వారు. నర్సవ్వ ఫంక్షన్ భోజనం చేయకుండా బస్సెక్కింది. ఈ వివరమంతా తర్వాత ఆమె చెప్పగా విన్నదే, నేను చూసింది కాదు.

ఆ ఆదివారం సాయంత్రం ఆమె మెట్టు కింద నిలబడి అడిగినప్పుడు, టీచర్ లోపలికి వెళ్ళి పోయిన వారం పేపర్ తెచ్చింది. అద్దాలు పెట్టుకుంది. చదివింది. పాఠం చెప్పినప్పటి గొంతే, ఎక్కడా తగ్గలేదు, పెరగలేదు. బాలమణి గడియ మీద చెయ్యి వేసి నిలబడడం. అవతల నుంచి పేరు పెట్టి పిలుపు. లోపల అత్త వణుకు. మళ్ళీ పిలుపు. తర్వాత అడుగుల చప్పుడు జొన్నచేని వైపు పోవడం. గడియ మీద చెయ్యి అట్లాగే ఉండిపోవడం. కామా కూడా మింగలేదు. పోశవ్వ మొదట "అయ్యో" అంది, తర్వాత నోరు మూసుకుంది.

"గిట్లనే అయింది," అంది నర్సవ్వ.

"ఏది?" అంది టీచర్.

"మా అవ్వ. గిట్లనే గడియ మీద చెయ్యి వెట్టి నిలవడ్డదట. మీ అమ్మీ నిన్ను సంకల ఎత్తుకొని వచ్చి కొట్టిందట. నేను అవ్వ కడుపుల ఉన్న. తియ్యలే. సచ్చే ముందల నా చెయ్యి వట్టుకొని చెప్పింది. హలీమాకు చెప్పకు బిడ్డా అన్నది. నేను చెప్పలే." ఆమె టీచర్ వైపు వేలు చూపింది. "నీకు ఎరుకే ఉన్నది గదా? ఎరుకై, నర్సికి సిగ్గయితదని గా ముచ్చటనే మార్చి సదివినవు. గిన్నేండ్లు నా మీద జాలిపడుకుంటనే నా ఇంట్ల గట్క తిన్నవానే?"

వాళ్ళిద్దరి తల్లులు చొప్పదండికి దగ్గరలోనే ఒక ఊళ్ళో పక్కపక్క ఇళ్ళవాళ్ళు. నర్సవ్వ తల్లి పేరు మల్లవ్వ. తర్వాతి కాలంలో టీచర్ వాళ్ళ నాన్న చొప్పదండికి మారాడు, నర్సవ్వ అదే వాడకట్టుకు కోడలిగా వచ్చింది. ఇంతవరకు మాకు తెలుసు. ఆ రోజుల సంగతి ఇద్దరిలో ఎవరూ ఎప్పుడూ ఎత్తలేదు.

హలీమా టీచర్ పేపర్ మడతపెట్టింది.

"మీ అవ్వ తీసింది నర్సీ," అంది.

"తియ్యలే అంటున్న."

"తీసింది. మా అమ్మీ చెప్పింది. ఒక్కసారి గాదు, నేను నిఖా చేసుకొని పోయే రోజు గూడ చెప్పింది. తలుపు తీసి గుమ్మి ఎనుక చాపేసి పండవెట్టిందట. నాకు గంజి తాపిందట. పండుగ నాడు షీర్ ఖుర్మా మా ఇంట్ల ఎవ్వరూ ముట్టకముందు మీ ఇంటికి ఎందుకు పోయేది అనుకున్నవ్? నేను నీ సిగ్గు దాయలే. గా రాసింది నాతోని కాలే. నన్ను బతికించిన తలుపును మూసిపెట్టి చదువుమంటే నా నోరు రాలే."

"అయితే మా అవ్వ సావుకాడ అబద్ధం ఆడిందా?"

"మరి మా అమ్మీ బతికినన్ని రోజులు అబద్ధం ఆడిందా?"

తీయలేకపోయిన పొరుగింటి మీద బిడ్డకు పగ ఉండకూడదని ఒక తల్లి తీసిందని చెప్పి ఉండవచ్చు. ఇంకొక తల్లికి, ముసలితనంలో, తీయడానికి పట్టిన ఆలస్యమే తీయకపోవడంగా మిగిలిపోయి ఉండవచ్చు. లేదా మొదటిసారి తీయక, రెండోసారి కొడితే తీసి ఉండవచ్చు. ఈ మూడో మాట నేను తర్వాతెప్పుడో టీచర్‌తో అన్నాను. "ఎవరు చెప్పిండ్రు?" అని అడిగింది. ఎవరూ చెప్పలేదని, నా ఆలోచనేనని అన్నాను. "అయితే నీ కాడనే పెట్టుకో," అంది.

ఆ సాయంత్రం ముందుగా నోరు తెరిచింది పోశవ్వ. "ఇద్దరు తల్లులూ లేకపోయిరి. ఇగ ఎవలను వట్టుకొని అడుగుతరు? జర లోపటికి రా నర్సవ్వా, ఆకు ఆరిపోతాంది," అంది. నర్సవ్వ మెట్టెక్కింది. ఏదో తేలిపోయిందని కాదు. ఆమె అడిగింది ఉన్నది ఉన్నట్టు చదవమని, టీచర్ చదివింది. పోశవ్వ చాటలోంచి కత్తెర తీసుకుని, "సదువు మరి, ఇయ్యాల్టిది," అంది. టీచర్ కొత్త పేపర్ తీసి, బాలమణి దేవులాట మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా ఉన్నది ఉన్నట్టే చదివింది. నేను నా పేజీ కోసం ఆ రోజు ఒక్క మాట కూడా రాసుకోలేదు.

తర్వాత నేను ఎప్పుడు పోయినా వాళ్ళిద్దరి మధ్య ఆ వాదన నడుస్తూనే ఉండేది. వింత ఏమిటంటే, నర్సవ్వ తన తల్లి తీయలేదని కొట్లాడేది. హలీమా టీచర్, నీ తల్లి తీసిందని కొట్లాడేది. "మా అవ్వను నాకంటె నీకు ఎక్కువ ఎరుకానే?" అని ఒకామె. "నిన్ను కడుపుల మోసింది గని, నన్ను గుమ్మి ఎనుక దాసింది," అని ఇంకొకామె. కొన్నాళ్ళకు అది దెప్పుకోవడానికి పనికొచ్చే మాట అయింది. తను వండిన కూరలో ఉప్పు ఎక్కువైతే, "గడియ తీసిన చేతులు గావు కదా ఇవి," అనేది నర్సవ్వ. టీచర్ అందరితో పాటు నవ్వేది కాదు. "తీసిన చేతులే," అనేది, ప్రతిసారీ.

టీచర్ పోయి నాలుగేళ్ళవుతుంది. ఆ రోజు ఆడవాళ్ళు కూర్చున్న గదిలో, హైదరాబాద్ నుంచి వచ్చిన టీచర్ చుట్టాలెవరో, బొట్టు పెట్టుకున్న ఈ ముసలామె ఎవరని అడిగారు. "దోస్తును," అంది నర్సవ్వ. "ఒక్క ముచ్చట ఒడువలే," అని కూడా అంది. వాళ్ళకు అర్థం కాలేదు. తేలకుండానే మిగిలిన ఆ తలుపు వాదనను వివరించడానికి అది చోటు కాదని నేనూ ఊరుకున్నాను.

పత్రిక పని నాకు చాలా నేర్పింది గానీ, ఒక అలవాటు మాత్రం ఆ అరుగు మీద పడింది. ఒకే సంగతిని ఇద్దరు రెండు రకాలుగా చెబితే, ఇద్దరి పేర్లూ పెట్టి రెండూ వేస్తాను. మధ్యలో నా వాక్యం ఇరికించి వాటిని ఒకటి చేయను. కొత్తగా చేరిన పిల్లలు విసుగుపడతారు. ఏది నిజమో పాఠకుడికి చెప్పాలి కదా మేడం, అంటారు. తెలిస్తే చెబుదాం, అంటాను. అట్లా అని నేను వెతకకుండా లేను. తర్వాత ఒకసారి వాళ్ళ తల్లుల ఊరికి పోయాను. ఆ రెండు ఇళ్ళూ రోడ్డు వెడల్పులో పోయాయి. ఆ కాలం చూసిన ఒకే ఒక ముసలాయనను వెతికి పట్టుకుంటే, మల్లవ్వ గుర్తుంది గానీ ఆమె ఇంటి తలుపు ఏ దిక్కుకు ఉండేదో గుర్తు లేదన్నాడు. నర్సవ్వ ఇప్పటికీ తీయలేదనే అంటుంది. తీసిందని చెప్పే మనిషి ఇప్పుడు లేదు.